స్లాంట్ రేజర్‌తో గడ్డం: గాట్లు, మంట లేకుండా నున్నగా గీసుకునే పద్ధతి

బ్లేడు ఏటవాలుగా కూర్చునే సేఫ్టీ రేజరే స్లాంట్ రేజర్. అది కొత్తగా కొన్నవాళ్ళు అటు తిప్పి ఇటు తిప్పి అడిగేవి మూడు ప్రశ్నలే. బ్లేడు వంకరగా కూర్చుంది, రేజర్‌లో ఏమైనా లోపమా? మామూలు సేఫ్టీ రేజర్‌తో పడని గాట్లు దీంతో ఎందుకు పడుతున్నాయి? బుగ్గలు నున్నగానే వస్తున్నాయి గానీ మెడ ఎందుకు మండుతోంది?

మూడింటికీ జవాబు ఒకే చోట ఉంది. ఆ ఏటవాలు అనేది రేజర్ తలలోనే ఉంది. మనం చేయి తిప్పి దాన్ని సరిచేయబోతాం, లేదా అదిమి దానికి సాయం చేయబోతాం. ఈ రెండూ మానేస్తే సగం పని అయినట్టే. మిగతా సగం నీళ్ళు, నురగ, గీసే వరస.

మామూలు డబుల్ ఎడ్జ్ (రెండు పక్కలా పదునున్న బ్లేడు వేసే) సేఫ్టీ రేజర్ కొంతకాలం వాడినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కార్ట్రిడ్జ్ రేజర్ నుంచి నేరుగా స్లాంట్‌కి దూకకండి. ముందు మామూలు సేఫ్టీ రేజర్‌తో ఒక నెల గడపండి. అదమకుండా గీయడం చేతికి అలవాటైతే ఇక్కడ కష్టపడేది ఏమీ ఉండదు.

1. మీ చేతిలో ఉన్నది ఏ రకం?

స్లాంట్ రేజర్లలో రెండు పద్ధతులున్నాయి. ఒకదానిలో బిగించినప్పుడు బ్లేడే మెలి తిరుగుతుంది. ఒక మూల పైకి లేస్తే పక్క మూల కిందికి వంగుతుంది. జర్మనీలోని జోలింగెన్‌లో తయారయ్యే మెర్కూర్ 37సి, ఇటలీ వాళ్ళ ఫాటిప్ లో స్టోర్టో ఈ రకమే. రెండో పద్ధతిలో బ్లేడు మెలి తిరగదు, మొత్తంగా ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది.

తేల్చుకోవడం తేలిక. బ్లేడు తీసేసి పై మూతని చివర నుంచి కంటికి ఎదురుగా పట్టుకుని చూడండి. లోపలి ఉపరితలం మెలి తిరిగినట్టు కనిపిస్తే మొదటి రకం. తిన్నగా ఉండి పక్కకు వాలి ఉంటే రెండోది.

డబుల్ ఎడ్జ్ బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు. అంత పలచటి ఉక్కు రేకు గట్టి గడ్డం తగిలితే సన్నగా అదురుతుంది. మెలి తిరిగి బిగుసుకున్న రేకు అంతగా అదరదు. మెలి రకం రేజర్లు మందపాటి గడ్డాన్ని సునాయాసంగా తీసేయడానికి ఇదొక కారణం.

రెండో కారణం ఏటవాలు. కత్తిపీట మీద వంకాయ తరిగేటప్పుడు కాయని తిన్నగా కత్తికేసి గుద్దం. వంపు వెంట జారుస్తూ ముందుకు తోస్తాం, ఆ జారుడుకే తోలు తెగుతుంది. స్లాంట్‌లో కూడా అంచు మొత్తం ఒక్కసారి వెంట్రుకల మీద పడదు. ఒక చివర ముందు నడుస్తుంది, మిగతా అంచు వరసగా వెనక వస్తుంది. కాబట్టి తక్కువ బలానికే వెంట్రుక తెగుతుంది. మామూలు రేజర్‌కి పెట్టినంత బలం దీనికీ పెడితే, వెంట్రుకకి అక్కర్లేని ఆ బలం చర్మం మీద పడుతుంది. గాట్ల రహస్యం ఇంతే.

2. మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- స్లాంట్ రేజర్, కొత్త బ్లేడు
- షేవింగ్ బ్రష్, చిన్న గిన్నె లేదా మగ్గు
- షేవింగ్ క్రీమ్ లేదా సబ్బు (ఫోమ్ డబ్బా పక్కన పెట్టండి, దాని నురగలో గాలే ఎక్కువ)
- తాగే నీళ్ళు ఒక మగ్గు, ఎందుకో కింద చెప్తాను
- పటిక బిళ్ళ
- శుభ్రమైన చిన్న తువ్వాలు
- ముఖం పక్క నుంచి పడే వెలుతురు. నెత్తి మీద బల్బు ఒక్కటే ఉంటే దవడ కింద నీడ పడి ఏమీ కనిపించదు.

బ్లేడు గురించి ఒక మాట. చాలామంది స్లాంట్‌తో పాటే జపాన్ ఫెదర్ బ్లేడ్లు కూడా తెప్పించుకుంటారు. ఫెదర్ మంచి బ్లేడే గానీ పదును మరీ ఎక్కువ. కొత్త రేజర్, కొత్త పదును రెండూ ఒకేసారి పెట్టుకుంటే తప్పు ఎక్కడ జరిగిందో తేల్చుకోలేరు. ఇప్పటిదాకా మీ మామూలు రేజర్‌లో ఏ బ్లేడు వాడుతున్నారో, అది సెవెన్ ఓ క్లాక్ అయినా విల్కిన్సన్ స్వోర్డ్ అయినా ఆస్ట్రా అయినా, దాన్నే స్లాంట్‌లోనూ వేయండి. మొదటి రెండు వారాలు మారేది రేజర్ ఒక్కటే కావాలి.

షేవింగ్‌కి ముందు రాసుకునే నూనెలు, జెల్‌లు కూడా ఇప్పుడే వద్దు. నా లెక్కలో అవి ఎప్పటికీ అవసరం లేదు. వేడి నీళ్ళు చేసే పనికి మించి అవి చేసేది తక్కువ.

3. మీ ముఖం మీద వెంట్రుకలు ఎటు వాలి ఉన్నాయో చూసుకోండి

ఈ పని గడ్డం రెండు రోజులు పెరిగాక, పొడిగా ఉన్నప్పుడు చేయాలి. వేలితో గానీ ఏటీఎం కార్డు అంచుతో గానీ బుగ్గ మీద నాలుగు వైపులకూ రుద్దండి. నున్నగా జారిన వైపు వెంట్రుక వాలు. గరగరమన్న వైపు ఎదురు.

బుగ్గల మీద దాదాపు అందరికీ పై నుంచి కిందికే ఉంటుంది. తికమక అంతా మెడ దగ్గరే. దవడ కింద చెవి వైపుకి అడ్డంగా, గొంతు దగ్గర కింది నుంచి పైకి, ఒక్కోచోట సుడి తిరిగి కూడా ఉండొచ్చు. రెండు పక్కలా ఒకేలా ఉంటుందన్న నమ్మకం లేదు.

కాగితం మీద ముఖం బొమ్మ గీసి బాణాలు వేసుకోండి. అద్దం పక్కన ఒక వారం అంటించి ఉంచితే తర్వాత అవసరం ఉండదు. మెడ మండుతోందని చెప్పేవాళ్ళలో ఎక్కువమంది కింది నుంచి పైకి మొలిచే వెంట్రుకల్ని మొదటి చుట్టులోనే (ముఖమంతా ఒకసారి గీయడం ఒక చుట్టు) పై నుంచి కిందికి, అంటే ఎదురు, గీస్తున్నవాళ్ళే. తమకే తెలియకుండా.

4. బ్లేడు ఎక్కించడం

స్లాంట్‌లో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. పై మూత, అడుగు పలక, పిడి విడివిడిగా ఉండే మూడు భాగాల రేజర్ అయితే ఇలా:

(అ) పై మూతని బోర్లించి అరచేతిలో పెట్టుకోండి.

(ఆ) బ్లేడుని పొట్టి చివరలు పట్టుకుని మూత మీది మేకుల్లో దించండి. పొడవాటి అంచుల్ని ఎప్పుడూ వేళ్ళతో తాకొద్దు.

(ఇ) దాని మీద అడుగు పలకని పెట్టండి. మెలి రకంలో ఈ దశలో పలక బ్లేడు మీద సమంగా కూర్చోదు, ఒక పక్క లేచి ఉంటుంది. ఇది మామూలే.

(ఈ) పొట్టి చివరల దగ్గర బొటనవేలు, చూపుడువేలుతో మూతనీ పలకనీ కలిపి నెమ్మదిగా నొక్కి పట్టుకుని, రెండో చేత్తో పిడి తిప్పండి. బిగుసుకుంటున్న కొద్దీ బ్లేడు మెలి తిరగడం చేతికి తెలుస్తుంది.

(ఉ) పిడి ఆగిన చోట ఆపేయండి. ఇంకో పావు చుట్టు బలవంతంగా తిప్పొద్దు. ఇలాంటి రేజర్లలో చాలా వాటి తలలు జింక్ మిశ్రమంతో పోత పోసి పైన క్రోమ్ పూత వేసినవి. అతిగా బిగిస్తే మర అరిగిపోతుంది.

పిడి, అడుగు పలక కలిసే ఉండే రెండు భాగాల రేజర్‌లోనూ వరస ఇదే, చేతిలో ఒక ముక్క తక్కువ ఉంటుంది అంతే.

ఇప్పుడు పరీక్ష. రేజర్‌ని పిడి కిందికి ఉండేలా నిటారుగా పట్టుకుని, ఒక అంచుని మీ వైపు తిప్పుకోండి. అంచు ఏటవాలుగా కనిపిస్తుంది. ఏ చివర కిందికి, అంటే పిడి వైపుకి, దిగి ఉందో గుర్తుపెట్టుకోండి. ఎడమ చివర అనుకుందాం. రేజర్‌ని పిడి చుట్టూ సగం చుట్టు తిప్పి రెండో అంచు చూడండి. అక్కడ కూడా ఎడమ చివరే కిందికి ఉండాలి. మూత కింద నుంచి బ్లేడు ఎంత బయటికి వచ్చిందో కూడా ఇలాగే పోల్చండి: ఈ అంచు ఎడమ చివరని ఆ అంచు ఎడమ చివరతో, కుడిని కుడితో.

ఒకే అంచు మీద ఎడమ చివరకీ కుడి చివరకీ తేడా కనిపిస్తే కంగారు పడొద్దు, కొన్ని తలల్లో అది ఉంటుంది. కానీ ఒక అంచంతా బయటికి వచ్చి రెండో అంచంతా లోపలికి పోతే బ్లేడు పక్కకు జరిగినట్టు. విప్పి, సర్ది, మళ్ళీ బిగించాలి. అలాగే గీస్తే ఒక వైపు కోస్తుంది, రెండో వైపు పనే చేయదు.

ఆ కిందికి దిగిన చివరని ‘ముందు చివర’ అందాం. వెంట్రుకని మొదట అందుకునేది అదే. ముందు ముందు దీనితో పని ఉంది.

5. నీళ్ళు, నురగ

స్నానం అయ్యాక గీసుకోవడం మేలు. కుదరకపోతే గోరువెచ్చటి నీళ్ళతో రెండు మూడు నిమిషాలు గడ్డాన్ని తడిపి ఉంచండి. ఒకసారి తడిపి వదిలేయడం కాదు, ఆరకుండా చూసుకోవాలి. నానిన వెంట్రుక మెత్తబడుతుంది. చర్మం కోసమే కాదు, బ్లేడు కోసం కూడా ఇది అవసరం. ఉక్కుకన్నా దాదాపు 50 రెట్లు మెత్తనైన వెంట్రుక బ్లేడు అంచుని ఎలా చెడగొడుతుందో 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు సూక్ష్మదర్శినిలో చూసి చెప్పారు. అంచు మెల్లగా అరిగిపోవడం కాదు, వంగిన వెంట్రుక తగిలిన చోట చిన్న చిన్న పెచ్చులు ఊడుతున్నాయట.

ఇక మన ఊళ్ళ అసలు బాధ బోరు నీళ్ళు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న నీళ్ళు సబ్బుతో కలిస్తే నురగ బదులు తెల్లటి తెట్టు వస్తుంది. బ్రష్ ఎంత తిప్పినా నురగ విరిగి బుగ్గ మీద నుంచి నీళ్ళలా కారిపోతుంది. హైదరాబాద్‌లో మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్ళు వచ్చే ఇళ్ళల్లో ఈ చిక్కు తక్కువ. బోరు మీదా ట్యాంకర్ల మీదా నడిచే అపార్ట్‌మెంట్లలో తప్పదు. మంచి క్రీమ్ కొన్నా నురగ రావట్లేదంటే క్రీమ్‌ని తిట్టేముందు నీళ్ళు మార్చి చూడండి.

పరిష్కారానికి పెద్ద ఖర్చేమీ లేదు. నురగ చేయడానికి మాత్రం ఆర్వో నీళ్ళు లేదా తాగే నీళ్ళు అర లీటరు వెచ్చబెట్టి వాడండి. ముఖం తడపడానికి, రేజర్ కడగడానికి కుళాయి నీళ్ళు చాలు.

నురగ వరస ఇది:

- బ్రష్‌ని నీళ్ళలో ముంచి, రెండు సార్లు విదల్చండి. జంతువుల వెంట్రుకల బ్రష్ అయితే ముందు కాసేపు నాననివ్వాలి. సింథటిక్ అయితే అక్కర్లేదు.
- బాదం గింజంత క్రీమ్ గిన్నెలో వేసి బ్రష్ తిప్పండి. మొదట చిక్కటి పేస్టులా వస్తుంది.
- కొద్ది చుక్కల నీళ్ళు, మళ్ళీ తిప్పడం. ఇలా మూడు నాలుగు విడతలు.
- బుడగలు కనిపించకుండా, మెరుస్తూ, పెరుగు మీగడ చిక్కదనానికి వచ్చాక ఆపండి.
- ముఖం మీద గుండ్రంగా రుద్దుతూ రాయండి, చివర్లో పై పైన సర్దండి.

పరీక్ష కావాలంటే నురగని రెండు వేళ్ళ మధ్య తీసుకుని రాయండి. జారాలి. వేళ్ళు అంటుకున్నట్టుంటే నీళ్ళు తక్కువ. స్లాంట్‌కి మందంగా నిలబడే నురగకన్నా జారే నురగ కావాలి. సెలూన్లో కనిపించే ఎత్తయిన తెల్ల కొండ చూడ్డానికి బాగుంటుంది, లోపల తడి ఉండదు.

6. పట్టు, కోణం

పిడిని చివరి వైపు, మూడు వేళ్ళతో తేలిగ్గా పట్టుకోండి. పిడికిలి బిగిస్తే అదిమినట్టే. రేజర్ బరువే చాలు.

కోణం ఇలా కనుక్కోండి. మూత పై భాగాన్ని బుగ్గకి ఆనించండి. పిడి నేలకి సమాంతరంగా, ముఖం నుంచి బయటికి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. ఈ స్థితిలో ఏదీ తెగదు. రేజర్‌ని కొద్దికొద్దిగా కిందికి లాగుతూ పిడిని మెల్లగా దించండి. వెంట్రుక తెగే సన్నటి చప్పుడు మొదలైన చోట ఆగండి. అదే మీ కోణం. అంతకన్నా దించితే అంచు చర్మాన్ని గీరుతుంది.

మామూలు రేజర్‌తో పిడి కాస్త ఎక్కువ దించే అలవాటు ఉన్నవాళ్ళు ఇక్కడ పిడిని కొంచెం పైనే ఉంచాలి. అనుమానం వస్తే మూత వైపే మొగ్గండి.

ఇప్పుడు అసలు విషయం. పిడి ఎటు చూస్తుందో రేజర్ అటే నడవాలి. కిందికి గీస్తుంటే అద్దంలో పిడి తిన్నగా కిందికి కనిపించాలి. అప్పుడు తల ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తుంది. ఈ వంకర చూసి చేయి ఊరుకోదు, మణికట్టు తిప్పి తలని అడ్డంగా సమం చేస్తుంది. అంతే, ఏటవాలు పోయింది. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఓ మామూలు రేజర్, అదీ పిడి పక్కకు వాలినది. మొదటి కొన్ని రోజులు అద్దంలో రేజర్ తలని చూడకండి, పిడిని చూడండి.

దీనికి ఎదురు తప్పు ఇంకోటుంది. మామూలు రేజర్‌తో కొందరు పిడిని ఏటవాలుగా పట్టి, బ్లేడుని కొంచెం పక్కకు జారుస్తూ గీస్తారు. ఆ విద్య ఇక్కడ చూపించొద్దు. అంచు పక్కకు జారితే తెగేది చర్మం. తిన్నగా లాగడం తప్ప స్లాంట్‌కి ఏ హంగూ వద్దు.

7. మొదటి చుట్టు: వెంట్రుక వాలు వెంబడే

తేలిక చోట్ల నుంచి కష్టమైన చోట్లకి వెళ్ళండి. గట్టి వెంట్రుకలున్న గడ్డం కొన, పై పెదవి చివర్లో వస్తాయి గనుక అవి నురగలో ఇంకో రెండు నిమిషాలు నానుతాయి.

బుగ్గలు. చెవి ముందు నుంచి మొదలుపెట్టి రెండు మూడు సెంటీమీటర్ల చిన్న చిన్న గీతలుగా కిందికి రండి. రెండో చేత్తో చర్మాన్ని పైకి లాగి పట్టుకోండి. నాలుగైదు గీతలకోసారి రేజర్‌ని నీళ్ళలో ఆడించి, రెండో అంచుకి తిప్పుకోండి.

ఇక్కడ ఒకటి గమనిస్తారు. రెండు బుగ్గలూ ఒకేలా తెగవు. ఒక బుగ్గ మీద ముందు చివర చెవి వైపు ఉంటుంది, రెండో బుగ్గ మీద ముక్కు వైపు. రేజర్‌ని ఏ చేత్తో పట్టుకున్నా ఇది మారదు. కాబట్టి ముందు చివర ముక్కు వైపు వచ్చే బుగ్గ మీద, పెదవి మూలకి దగ్గరవుతున్నప్పుడు నెమ్మదించండి. ఎప్పుడూ ఒకే మూల గాటు పడుతోందని అనేవాళ్ళు ముందుగా ఇదే చూసుకోవాలి.

దవడ ఎముక. బుగ్గ నుంచి మెడలోకి ఒకే గీతలో దిగొద్దు. ఎముక మీద కోణం మారిపోతుంది. చర్మాన్ని పైకి లాగి, దవడ మీది భాగాన్ని చదునైన బుగ్గ మీదికి తెచ్చుకుని గీయండి.

మెడ. మీ బాణాల బొమ్మ ఇప్పుడు పనికొస్తుంది. తల ఎత్తండి గానీ మరీ వెనక్కి వంచొద్దు, చర్మం బిగుసుకుని వెంట్రుక కుదురు లోతుకి తెగుతుంది. కంఠమణి మీద తిన్నగా గీయొద్దు. గుటక వేసి ఆపితే అది పైకి పోతుంది, లేదా చర్మాన్ని పక్కకు లాగి చదును మీద గీయండి.

గడ్డం కొన. వెంట్రుకలు అన్నిటికన్నా గట్టిగా ఉండేది ఇక్కడే, రేజర్ తల అంతా ఆనేంత చోటు కూడా ఉండదు. ఒక్కో సెంటీమీటరు చొప్పున గీయండి. కింది పెదవిని పళ్ళ మీదికి మడిస్తే చర్మం చదునవుతుంది.

మొదటి చుట్టు అయ్యాక గరుకు మిగులుతుంది. మిగలాలి. మొదటి చుట్టు పని వెంట్రుక పొడవు తగ్గించడమే, నున్నదనం రెండో చుట్టు చూసుకుంటుంది.

8. రెండో చుట్టు: అడ్డంగా

ముఖం కడిగి, మళ్ళీ నురగ రాసి, చెవి నుంచి ముక్కు వైపుకి లేదా ముక్కు నుంచి చెవి వైపుకి అడ్డంగా గీయండి. నురగ లేని చోట ఒక్క గీత కూడా వద్దు. ‘ఇక్కడ కొంచెం మిగిలింది’ అని పొడి చర్మం మీద వేసే ఆ ఒక్క గీతే సాయంత్రం దాకా మండుతుంది.

మామూలు రేజర్‌తో మూడు చుట్లకి వచ్చే నున్నదనం స్లాంట్‌తో చాలామందికి రెండింటికే వచ్చేస్తుంది. నా సలహా, మొదటి నెల ఇక్కడితో ఆగిపోండి.

మూడోది, ఎదురు చుట్టు, బుగ్గల మీద కావాలంటే వేయొచ్చు. మెడ మీద తొందర వద్దు. ఉంగరాల వెంట్రుకలు ఉన్నవాళ్ళూ, వెంట్రుకలు లోపలికి మొలిచి కురుపులయ్యేవాళ్ళూ మెడ మీద ఎదురు అసలే వేయొద్దు. లోతుగా తెగిన వెంట్రుక చర్మం కింద వంగి పెరగడమే ఆ కురుపులకి కారణం. మొటిమలు చీము పట్టి ఉన్నా, గాట్లు మానాక ఉబ్బెత్తు మచ్చలు పడే చర్మమైనా ముందు చర్మ వైద్యుణ్ణి అడగండి.

9. మీసం, సైడ్‌లాక్స్

మీసం ఉంచుకునేవాళ్ళకి స్లాంట్ పెట్టే చిక్కు ఒకటుంది. అంచు ఏటవాలుగా ఉంటుంది గనుక మీసం కింద గీత తిన్నగా రాదు. ముందు చివర ఒక మిల్లీమీటరు లోపలికి వెళ్ళి మీసాన్ని కొరికేస్తుంది. దాన్ని సరిచేయబోయి రెండో పక్క తగ్గిస్తారు. తర్వాత మళ్ళీ మొదటి పక్క. రెండు రోజుల్లో కోరమీసం కాస్తా పెన్సిల్ గీత అవుతుంది.

మీసం అంచు, సైడ్‌లాక్స్ కింది గీత మామూలు రేజర్‌తోనో ట్రిమ్మర్‌తోనో ముందే దిద్దుకోండి. ఆ తర్వాత స్లాంట్‌ని గీతకి అర సెంటీమీటరు దూరం నుంచి మొదలుపెట్టి అవతలికి లాగండి. ఉన్నది స్లాంట్ ఒక్కటే అయితే, ఈ చోట మాత్రం మణికట్టు తిప్పి అంచుని సమం చేసుకోవచ్చు. నేను వద్దన్న పని చేయదగ్గ చోటు ఇదొక్కటే.

మీసం తీసేసేవాళ్ళు పై పెదవిని కిందికి లాగి, ముక్కు కింద చిన్న గీతలుగా దించండి. ముక్కు పుటం పక్కకి వచ్చేసరికి ముందు చివర ఎటు ఉందో ఒక్క క్షణం చూసుకోండి.

10. అయ్యాక

- చల్లటి నీళ్ళతో నురగంతా పోయేలా కడగండి.
- తడి ముఖం మీద పటిక బిళ్ళ ఒకసారి తిప్పండి. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ ఎక్కువ గీసినట్టు. రోజూ అదే చోట చురుక్కుమంటే అక్కడి కోణం చూసుకోండి.
- ఒక నిమిషం ఆగి కడిగేయండి, ఆరనిస్తే చర్మం బిగుసుకుపోతుంది.
- ఆల్కహాల్ లేని బామ్ లేదా కొద్దిగా కలబంద జెల్.
- గాటు పడితే పటికని తడిపి అర నిమిషం కదలకుండా ఒత్తిపట్టండి.

పటిక బిళ్ళ, రేజర్, బ్లేడు ఇంట్లో ఎవరికి వారివే ఉండాలి. హెపటైటిస్ బి, సి లాంటివి రక్తం అంటిన బ్లేడు ద్వారా రావచ్చు.

11. తేడా వస్తే ఏం మార్చాలి

మెడంతా ఎర్రగా మండుతోంది: ముందు చుట్లు తగ్గించండి. ఒకే చుట్టు, వాలు వెంబడి, వారం రోజులు. అప్పుడూ మండితే అది కోణం తప్పు. పిడి పైకెత్తండి.

చిన్న చిన్న ఎర్ర చుక్కలు: అదుముతున్నారు. ఎడమ చేయి వాడుక లేనివాళ్ళు రెండు రోజులు ఎడమ చేత్తో బుగ్గ గీసి చూడండి. రాని చేయి భయపడి అదమదు. ఆ తేలికదనమే కుడి చేతికీ కావాలి.

వెంట్రుకలు పీకినట్టుంది: బ్లేడు అయిపోయింది, లేదా గడ్డం నానలేదు. కొత్త బ్లేడుతోనూ పీకితే నానకపోవడమే.

ఒక అంచు బాగా తెగుతోంది, రెండోది తెగట్లేదు: బ్లేడు పక్కకు జరిగింది. నాలుగో అంకె పరీక్ష మళ్ళీ చేయండి.

రేజర్ తల ఎగిరెగిరి పడుతున్నట్టుంది: నురగ ఆరిపోయింది లేదా పిడి మరీ దించారు.

అన్నీ సరిగ్గానే చేస్తున్నారు, అయినా గాట్లు: బ్లేడు కంపెనీ మార్చి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. బ్లేడు, సబ్బు, రేజర్ మూడూ ఒకే రోజు మార్చిన మనిషికి ఎవరూ సలహా చెప్పలేరు.

12. దీక్ష తర్వాతి గడ్డం

స్లాంట్ రేజర్ నిజంగా మెరిసేది మూడు నాలుగు రోజుల గడ్డం మీద. గడ్డం రోజుకి 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. ఆ పొడవు వెంట్రుకలు మామూలు రేజర్‌లో చిక్కుకుని పీకుతాయి, స్లాంట్‌లో అంత అడ్డు తగలవు.

కానీ అయ్యప్ప మాల తీశాక, 41 రోజుల గడ్డం మీద నేరుగా రేజర్ పెట్టొద్దు. అది సెంటీమీటరు దాటి ఉంటుంది. నాలుగు గీతలకే రేజర్ తల మూసుకుపోతుంది. ముందు ట్రిమ్మర్‌తో ఒకటి రెండు మిల్లీమీటర్లకి దించండి. స్నానం చేసి, కొత్త బ్లేడుతో, వాలు వెంబడి ఒకటే చుట్టు. ఇన్నాళ్ళూ బ్లేడు తగలని చర్మం గనుక రెండో చుట్టు మర్నాడు చూసుకోవచ్చు.

13. రేజర్ సంరక్షణ, బ్లేడు పారేయడం

రోజూ గీయడం అయ్యాక పిడిని అర చుట్టు వదులు చేసి, కుళాయి కింద కడిగి, విదిల్చి, మళ్ళీ బిగించి నిలబెట్టండి. బ్లేడు అంచుని తువ్వాలుతో తుడవొద్దు. అంచు పోతుంది, తువ్వాలూ పోతుంది.

వారానికోసారి విప్పి, పాత టూత్ బ్రష్‌తో, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి రుద్దండి. బోరు నీళ్ళ తెల్ల మరకలు పడితే నీళ్ళు కలిపిన వెనిగర్‌తో తుడిచి వెంటనే కడిగేయండి. వెనిగర్‌లో నానబెట్టడం మాత్రం వద్దు. పూత ఎక్కడైనా లేచి ఉంటే లోపలి జింక్ తినేస్తుంది.

ఒక్కో బ్లేడు మూడు నుంచి అయిదు గడ్డాలు. ఇంకా తెగుతోంది కదా అని ఆరో రోజు లాగొద్దు, బ్లేడు ఖరీదు కొద్ది రూపాయలే.

విమాన ప్రయాణంలో బ్లేడ్లు చేతి సంచిలో పెడితే తనిఖీలో తీసేస్తారు. చెక్-ఇన్ లగేజీలో పెట్టండి, లేదా దిగిన ఊళ్ళో కొనుక్కోండి.

వాడిన బ్లేడుని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయడం తేలికే గానీ, చెత్త బండి దగ్గర ఆ సంచిని చేత్తో విప్పి వేరుచేసే మనిషి వేళ్ళు తెగుతాయి. ఖాళీ పౌడర్ డబ్బానో, మూత అతికించిన రేకు డబ్బానో తీసుకుని బ్లేడు పట్టేంత సన్న చీలిక పెట్టండి. నిండాక చీలిక మీద టేపు వేసి, పైన ‘బ్లేడ్లు’ అని పెద్ద అక్షరాలతో రాసి, తడి, పొడి చెత్తలో కలపకుండా విడిగా చేతికివ్వండి. రోజు విడిచి రోజు గడ్డం గీసుకునే ఒక్క మనిషికి ఆ డబ్బా నిండడానికి ఏళ్ళు పడుతుంది.